దేనిలో పెద్దది?

1850ల మొదట్లో కలకత్తాలోని సర్వే కార్యాలయంలో కొందరు కంప్యూటర్లు పనిచేసేవారు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మనిషే. బల్ల ముందు కూర్చుని, లాగరిథమ్ పట్టికలు దగ్గర పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా లెక్కలు కట్టడం ఆ ఉద్యోగం. ఆ కంప్యూటర్లకు పెద్ద రాధానాథ్ సిక్దార్. ఇరవై ఏళ్లు నిండకముందే, 1831లో, గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేలో చేరిన బెంగాలీ గణితజ్ఞుడు. బీహార్ మైదానాల్లో నిలబడి, వంద మైళ్లకు పైగా దూరంలో ఉన్న హిమాలయ శిఖరాలకు థియోడొలైట్‌తో గురిపెట్టి కొలిచిన కోణాలు ఆయన బల్లమీదికి వచ్చేవి. గాలిలో వెలుగు ఎంత వంగుతుంది, భూమి గుండ్రంగా ఉన్నందుకు ఎంత సర్దాలి అని చూసుకుని ఒక్కొక్క శిఖరానికి ఎత్తు తేల్చాలి. చాలా శిఖరాలకు పేర్లు లేవు, రోమన్ అంకెలే. అందులో పదిహేనో శిఖరానికి 29,002 అడుగులు వచ్చింది. 1856లో సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ఆ సంగతి ప్రకటించాడు. లోకంలో అన్నిటికంటే ఎత్తైన కొండ అదే. తరువాత దానికి ఎవరెస్ట్ అని పేరు పెట్టారు. ఆ పేరుగల జార్జ్ ఎవరెస్ట్ ఈ సర్వేలో అడుగుపెట్టింది మన దగ్గరే. 1818లో హైదరాబాద్‌లో విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరాడాయన.

ఎవరెస్ట్‌కు ముందు ఈ కిరీటం వేరే కొండల నెత్తిన ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో యూరప్ పండితులు అన్నిటికంటే ఎత్తైనదని నమ్మిన కొండ దక్షిణ అమెరికాలోని చింబొరాజో. 1802 జూన్‌లో అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్ ఆ కొండ ఎక్కబోయి, శిఖరం అందక దిగివచ్చాడు. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ నేలమీద గొలుసు పరిచి సర్వే మొదలుపెట్టాడు. చింబొరాజో కిరీటాన్ని హిమాలయాలకు తెచ్చిపెట్టిన కొలతల పరంపరలో ఆ గొలుసూ ఒకటి. ఆ తరువాత ధవళగిరి, దాని తరువాత కాంచనగంగ, చివరికి పదిహేనో శిఖరం. ఒక్కొక్క కొత్త కొలత వచ్చినప్పుడల్లా అప్పటిదాకా పెద్దదనుకున్నదానితో పోల్చి చూడటం, మించితే కిరీటం మార్చడం, మించకపోతే ముందుకు పోవడం. అర్ధశతాబ్దం పాటు భూగోళ శాస్త్రం చేసింది ఇదే.

ఈ రోజు అదే పనిని మూడక్షరాల చిన్న ఆజ్ఞ చేస్తోంది. పైథాన్ భాషలో దాని పేరు మాక్స్. ఈ అధ్యాయం దాని గురించి.

గోదాలో నిలిచినవాడు

పైథాన్‌ను నెదర్లాండ్స్‌కు చెందిన గీడో ఫన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో రాయడం మొదలుపెట్టి, 1991లో విడుదల చేశాడు. భాషతోపాటే వచ్చే పనిముట్లను బిల్టిన్ ఫంక్షన్లు అంటారు. కొత్త ఇంటికి తలుపులూ గొళ్లేలూ ముందే బిగించి ఇచ్చినట్టు అవి మనం రాయకుండానే సిద్ధంగా ఉంటాయి. మాక్స్ అలాంటిది. కొన్ని విలువలు చేతికిస్తే వాటిలో పెద్దది తిరిగి ఇస్తుంది.

ఒక తరగతిలో ఏడుగురు పిల్లలు. లెక్కల పరీక్షలో రోల్ నంబర్ల వరుసన వాళ్లకొచ్చిన మార్కులు: 62, 48, 71, 71, 55, 90, 34. మాక్స్(మార్కులు) అని రాస్తే జవాబు 90. మనకైతే చూపు ఒక్కసారి తిప్పితే చాలు. కంప్యూటర్‌కు ఆ చూపు లేదు. అది ఒకసారి రెండంకెలనే చూడగలదు.

కుస్తీ గోదాను తలచుకోండి. మొదట దిగినవాడు, ఎదురు లేడు గనుక, అప్పటికి వస్తాదే. 62 గోదాలో నిలబడింది. తరువాత 48 దిగింది, ఓడింది. 71 దిగింది, 62ను పడగొట్టి తను నిలిచింది. ఇంకో 71 దిగింది. ఇద్దరూ సమానం. ఇక్కడ మాక్స్ నియమం ఒకటి ఉంది: కొత్తగా వచ్చినవాడు కచ్చితంగా మించితేనే పాతవాడు దిగాలి. సమానమైతే పాతవాడిదే గోదా. అందుకని మొదటి 71 కదల్లేదు. 55 ఓడింది. 90 వచ్చి 71ను దించింది. చివరికి 34 వచ్చి ఓడింది. ఏడుగురికి ఆరు పోటీలు, గోదా చేతులు మారింది రెండుసార్లు.

ఈ పద్ధతికి రెండు చేతులు చాలు. ఒక చేతిలో ఇప్పటిదాకా పెద్దది, ఇంకో చేతిలో ఇప్పుడు వచ్చింది. జాబితా మొత్తం దగ్గర పెట్టుకోనక్కర్లేదు. ఆనకట్ట దగ్గర గంట గంటకూ నీటిమట్టం చెప్పే యంత్రం ఏడాది పొడవునా అంకెలు పంపుతూనే ఉన్నా, ఆ ఏడాది గరిష్ఠ మట్టం చెప్పడానికి ఒక్క అంకె గుర్తుంటే సరిపోతుంది.

ఆ సమానం నియమాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆరో నంబరు పిల్ల ఆ రోజు బడికి రాలేదనుకోండి. అప్పుడు మొదటి మార్కు 71, వచ్చింది ఇద్దరికి. కానీ ఎక్కువ మార్కులు ఎవరివని మాక్స్‌ను అడిగితే మూడో నంబరు ఒక్కటే చెబుతుంది. నాలుగో నంబరు పిల్ల ఉన్నట్టే మనకు తెలియదు. ఆమె చేసిన తప్పల్లా హాజరు పట్టీలో ఒక గడి కింద ఉండటం. బహుమతులు, ఉపకార వేతనాలు ఇచ్చే చోట ఈ ప్రోగ్రామ్ రాసేవాళ్లు రెండు అడుగులు వేయాలి: ముందు గరిష్ఠం కనుక్కుని, తరువాత దానితో సమానమైన వాళ్లందరినీ ఏరాలి. ఒక్క అదనపు వాక్యం ఒక పిల్లను గెలిపిస్తుంది.

ఒకటి తక్కువ

ఏడుగురికి ఆరు పోటీలే ఎందుకు? ఇంకా తెలివైన ఉపాయంతో అయిదింటిలో ముగించలేమా?

లేమని రెండు వాక్యాల్లో రుజువు చేయవచ్చు. విజేత తప్ప మిగిలిన ప్రతి ఒక్కరూ కనీసం ఒకసారి ఓడాలి, ఓడని ఇద్దరు మిగిలితే వాళ్లలో ఎవరు పెద్దో మనకు తెలియనట్టే. ఒక్కో పోటీ ఒక్కరినే ఓడిస్తుంది కాబట్టి ఆరుగురు ఓడాలంటే ఆరు పోటీలు కావాలి. 64 మంది ఆడే నాకౌట్ టోర్నమెంట్‌లో జతలు ఎలా వేసినా 63 ఆటలు జరిగేది అందుకే. ఎన్ని విలువలుంటే దానికి ఒకటి తక్కువ. అంతకంటే తగ్గించే దారి లేదు. మాక్స్ సరిగ్గా అన్నే చేస్తుంది. ఒక పనిని ఇంతకంటే బాగా చేయలేమని తెలియడం, ఆ హద్దు దగ్గరే మన పనిముట్టు నిలిచి ఉండటం కంప్యూటర్ శాస్త్రంలో చాలా అరుదైన సంతృప్తి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది పెద్దది కావాలంటే ముందు అన్నిటినీ వరుసలో పేర్చి చివరిది తీస్తారు. జవాబు సరైనదే, శ్రమే ఎక్కువ. చెల్లాచెదురుగా ఉన్న 10 లక్షల విలువలను పేర్చడానికి దాదాపు 2 కోట్ల పోలికలు పడతాయి. మాక్స్‌కు 9,99,999 చాలు. గంపలో పెద్ద మామిడికాయ కావాలంటే గంపంతా సైజుల వారీగా పేర్చం కదా.

అయితే మాక్స్ చెప్పేది విజేత ఒక్కడి గురించే. రెండో స్థానం సంగతి దానికి పట్టదు. ఈ చిక్కును 1883లోనే ఒకాయన పట్టుకున్నాడు. ఆలిస్ కథల రచయిత లూయిస్ కారల్‌గా లోకం ఎరిగిన గణితోపాధ్యాయుడు చార్లెస్ డాడ్జ్‌సన్. టెన్నిస్ టోర్నమెంట్లలో ఫైనల్లో ఓడినవాడికి రెండో బహుమతి ఇవ్వడం అన్యాయమని ఆయన రాశాడు. నిజమైన రెండో ఆటగాడు మొదటి రౌండులోనే విజేతకు ఎదురుపడి ఇంటికి పోయి ఉండవచ్చు. 64 మందిలో విజేత ఆరుగురిని ఓడిస్తాడు. రెండోవాడు ఆ ఆరుగురిలోనే ఉంటాడు. వాళ్ల మధ్య ఇంకో అయిదు ఆటలు పెడితే, మొత్తం 68 ఆటల్లో, ఇద్దరూ న్యాయంగా తేలతారు.

రికార్డు ఎన్నిసార్లు మారుతుంది?

మన ఏడు మార్కుల్లో గోదా రెండుసార్లు చేతులు మారింది. 10 లక్షల విలువలు ఏ క్రమమూ లేకుండా కలగలిసి వస్తే ఎన్నిసార్లు మారుతుంది? మనసు లక్షల్లో ఊహిస్తుంది. మొదట నిలబడ్డవాడితో కలిపి లెక్కపెట్టినా సగటున వచ్చేది 14 చిల్లర. వెయ్యి విలువలకైతే ఏడున్నర.

కారణం సులువు. నూరో విలువ వచ్చేసరికి, ఆ నూటిలో ఏదైనా అన్నిటికంటే పెద్దది కావచ్చు, అందరికీ సమాన అవకాశమే. కాబట్టి సరిగ్గా ఆ నూరోదే పెద్దదయ్యే అవకాశం నూటికి ఒకటి. వెయ్యోదానికి వెయ్యికి ఒకటి. ఒకటి, సగం, మూడో వంతు, పావు అంటూ కూడుకుంటూ పోతే ఆ మొత్తం నత్తలా పెరుగుతుంది. మొదట్లో కిరీటాలు గబగబా పడతాయి, తరువాత ఏళ్లకేళ్లు నిలబడతాయి.

ఈ చిన్న లెక్క మన నెత్తిమీది ఎండనూ కొలుస్తుంది. వాతావరణం మారకుండా ఉండి ఉంటే, నూరేళ్ల నమోదులున్న ఊరిలో ఈ వేసవి పాత రికార్డులన్నిటినీ దాటే అవకాశం నూటికి ఒకటే ఉండాలి. రికార్డులు అంతకంటే తరచుగా, అదీ వేడి వైపే బద్దలవుతుంటే, అంకెలు కలగలిసి రావడం లేదని, అవన్నీ ఒకవైపుకు జరుగుతున్నాయని అర్థం. పేపర్లో రికార్డు ఎండ అని చదివిన ప్రతిసారీ నాకు ఈ భిన్నమే గుర్తుకొస్తుంది.

గోదా ఖాళీగా ఉంటే

తరగతిలో ఒక్కరూ పరీక్ష రాయలేదు. జాబితా ఖాళీ. పెద్ద మార్కు ఎంత?

ఇక్కడ కంప్యూటర్ లోకం నాలుగు దారులుగా చీలిపోయింది. పైథాన్ మాక్స్ జవాబు చెప్పడానికే నిరాకరిస్తుంది: ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ మాక్స్ రుణ అనంతం అంటుంది. అది పిచ్చి జవాబులా కనిపిస్తుంది గానీ దానికో తర్కం ఉంది. రుణ అనంతం గోదాలో ఉంటే తరువాత ఏ సంఖ్య వచ్చినా దాన్ని పడగొడుతుంది, అంటే ఎవరికీ అడ్డు రాదు. డేటాబేసుల భాష ఎస్‌క్యూఎల్ నల్ అంటుంది, తెలియదని దాని అర్థం. ఎక్సెల్ సున్నా ఇస్తుంది.

ఈ నాలుగింట్లో నన్ను భయపెట్టేది చివరిదే. ఎక్సెల్ గడుల్లో అంకెలు పొరపాటున అక్షరాలుగా పడితే మాక్స్ వాటిని అంకెలుగా లెక్కించదు. నిలువు వరుస అంతా అలాగే ఉంటే జవాబు సున్నా. సున్నా నిజమైన మార్కూ కావచ్చు, ఏమీ లేదని గుర్తూ కావచ్చు. చూసేవాడికి తేడా తెలియదు. పైథాన్ ఆగిపోవడం మొరటుగా అనిపించినా అందులో నిజాయతీ ఉంది. ఖాళీ జాబితా రావడం మామూలే అనుకున్న చోట, 2014లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి డిఫాల్ట్ అనే సౌకర్యం ఉంది. ఏమీ లేకపోతే ఏం చెప్పాలో మనమే ముందుగా చెప్పి ఉంచవచ్చు.

సున్నా చేసే ఇంకో మోసం ఉంది. మాక్స్ వాడకుండా సొంతంగా రాసుకునే విద్యార్థి మొదట పెద్దది సున్నా అని పెట్టుకుని మొదలుపెడతాడు. మార్కులకు పనిచేస్తుంది. లడఖ్‌లోని ద్రాస్‌లో జనవరి రాత్రుల ఉష్ణోగ్రతలు మైనస్ 18, మైనస్ 11, మైనస్ 23 అనుకుందాం. అతని ప్రోగ్రామ్ ఎక్కువ ఉష్ణోగ్రత సున్నా అంటుంది. ఏ రాత్రీ లేని వెచ్చదనం అది. బయటివాడిని గోదాలో నిలబెట్టి పోటీ మొదలుపెట్టకూడదు. జాబితాలో మొదటివాడితోనే మొదలుపెట్టాలి. పైథాన్ లోపల చేసేదీ అదే.

పాడైన కొలతా ఒక ప్రమాదమే. పరికరం చెడిపోయినప్పుడు చాలా యంత్రాలు నాన్ అని నమోదు చేస్తాయి, అంటే సంఖ్య కానిది. దాన్ని దేనితో పోల్చినా మించిందా అన్న ప్రశ్నకు కాదనే జవాబు వస్తుంది. అందువల్ల నాన్, 40, 65 అనే వరుస ఇస్తే దాన్ని ఎవరూ దించలేరు, మాక్స్ నాన్ అంటుంది. అదే 40, 65, నాన్ అని ఇస్తే 65 అంటుంది. అవే విలువలు, వరుస మారితే జవాబు మారింది. పాడైన కొలతలను పోటీకి ముందే ఏరి పక్కన పెట్టాలి.

అక్షరాలు పోటీకి దిగితే

మాక్స్ సంఖ్యలనే కాక మాటలనూ పోలుస్తుంది. అక్కడ పెద్దది అంటే నిఘంటువులో తరువాత వచ్చేది. 9, 10, 85 అనే అంకెలను అక్షరాలుగా ఇచ్చి చూడండి. మాక్స్ 9 అంటుంది. మొదటి అక్షరం చూసి, ఎనిమిది కంటే, ఒకటి కంటే తొమ్మిది తరువాతిది గనుక అక్కడే తీర్పు చెప్పేస్తుంది. ఫారాల్లోంచి తీసుకున్న అంకెలు చాలాసార్లు అక్షరాలుగానే వస్తాయి, వాటిని ముందు సంఖ్యలుగా మార్చుకోవడం ప్రోగ్రామ్ రాసేవాళ్ల మొదటి పని.

తెలుగు మాటలు ఇస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ యూనికోడ్ సంఖ్య ఒకటి ఉంది, పోలిక ఆ సంఖ్యల మధ్య జరుగుతుంది. పలకమీద మనం దిద్దిన వరుసలో హ తరువాత ళ వస్తుంది. యూనికోడ్‌లో ళను ల పక్కన, ఱను ర పక్కన కూర్చోబెట్టారు. కాబట్టి హ, ళ రెండింట్లో పెద్దదేదంటే బడిపిల్లవాడు ళ అంటాడు, మాక్స్ హ అంటుంది.

పొడవు సంగతి చూద్దాం. స్త్రీ, కమలము. ఏ మాట పొడవు? ఒక అక్షరం, నాలుగు అక్షరాలు. అడగాల్సిన ప్రశ్నేనా? పైథాన్‌ను అడిగితే స్త్రీ పొడవంటుంది. అది స్త్రీని ఇలా లెక్కపెడుతుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం ఆరు. కమలములో క, మ, ల, మ, కొమ్ము. అయిదే. మన కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరం లోపల ఆరు ముక్కలున్నాయి, పైథాన్ ముక్కలను లెక్కపెట్టింది. ఫంక్షన్‌లో తప్పు లేదు. పొడవు అన్న మాటకు మన అర్థం దానికి మనం చెప్పలేదు.

కీ ఎవరి చేతిలో?

ఆ అర్థం చెప్పడానికే 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి మాక్స్‌కు కీ అనే సదుపాయం ఉంది. విలువలతోపాటు ఒక కొలబద్ద కూడా చేతికిస్తాం. మాక్స్ ప్రతి విలువకూ ఆ కొలబద్ద పెట్టి, కొలతలను పోల్చి, ఎక్కువ కొలత వచ్చిన అసలు వస్తువును తిరిగి ఇస్తుంది. తెలుగు మాటలకైతే ముక్కలు కాక అక్షరాలు లెక్కపెట్టే కీ రాసిస్తే కమలము గెలుస్తుంది.

ఇప్పుడు మళ్లీ కొండల దగ్గరికి వెళ్దాం. ఎవరెస్ట్, చింబొరాజో, హవాయి దీవిలోని మౌనా కియా. కీ సముద్ర మట్టం నుంచి ఎత్తు అయితే గెలిచేది ఎవరెస్ట్, 8,848.86 మీటర్లు. కీ భూకేంద్రం నుంచి దూరం అయితే గెలిచేది చింబొరాజో. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది, భూమధ్యరేఖ వ్యాసార్ధం ధ్రువాల వ్యాసార్ధం కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బు మీద నిలబడ్డ చింబొరాజో శిఖరం ఎవరెస్ట్ శిఖరం కంటే భూకేంద్రానికి సుమారు 2 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది. కీ పాదం నుంచి శిఖరం దాకా పొడవు అయితే గెలిచేది మౌనా కియా. దాని పాదం సముద్రం అడుగున ఉంది, అక్కడి నుంచి కొలిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. అవే మూడు కొండలు, అదే ఫంక్షన్, మూడు కీలకు మూడు జవాబులు. మూడూ నిజాలే.

మాక్స్ పోలికల్లో తప్పు చేయదు. కీని మాత్రం మనిషే ఎంచుకుంటాడు, ఎంచుకున్నట్టు కూడా తెలియకుండా ఎంచుకోవడం మనకు అలవాటు. ఉత్తమ విద్యార్థి ఎవరని అడిగినప్పుడు మొత్తం మార్కులనే కీ ఎవరూ చెప్పకుండానే మన నోట వచ్చేస్తుంది.

మొదటి జాబితాకు తిరిగి వద్దాం. అర్ధ సంవత్సర పరీక్షలో ఏడుగురి మార్కులు 62, 48, 71, 71, 55, 90, 34. అంతకుముందు త్రైమాసిక పరీక్షలో అదే వరుసన 60, 41, 74, 70, 50, 91, 12. ఇప్పుడు కీ మార్చి, రెండో పరీక్షలోంచి మొదటిది తీసేయమందాం. వచ్చే అంకెలు 2, 7, మైనస్ 3, 1, 5, మైనస్ 1, 22. గోదాలోకి మొదటి నంబరు దిగాడు, రెండో నంబరు దించాడు. మూడు, నాలుగు, అయిదు ఓడారు. ఆరో నంబరు, 90 మార్కుల పిల్ల, ఓడింది. ఏడో నంబరు దిగాడు. 34 మార్కుల వాడు, తరగతిలో ఆఖరివాడు. రెండో నంబరును పడగొట్టి నిలబడ్డాడు. వాడి తరువాత ఎవరూ లేరు.